పబ్లిక్ పాలసీ చదివితే ఏమవుతారు?

ఎం.ఏ.లో చేరిన కొత్తలో సెలవులకు ఊరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చున్న మా మామ, "ఏం చదువుతాండావురా?" అని అడిగాడు. "పబ్లిక్ పాలసీ, మామా" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఎల్.ఐ.సి. వాళ్ళదా? కమీషను బాగానే వస్తుందిలే" అన్నాడు. నవ్వేశాను. కానీ ఆయన రెండో ప్రశ్నకు నవ్వు రాలేదు. "ఇంతకీ అది చదివితే ఏమవుతావు?"

మన కళాశాలలో కొత్తగా చేరిన మిత్రులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. అందుకని ఈ సంచికలో నాకు తెలిసినంతలో జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ప్రభుత్వం ఏ పని చేయాలనుకుంది, ఎందుకనుకుంది, ఎవరి డబ్బుతో, ఎవరి కోసం, చివరికి ఆ పని జరిగిందా లేదా అని పరిశీలించే శాస్త్రమే పబ్లిక్ పాలసీ. దీనికి అన్న వంటిది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. 1887లో ఉడ్రో విల్సన్ రాసిన వ్యాసంతో పరిపాలనను ప్రత్యేక శాస్త్రంగా చదవడం మొదలైందని చెబుతారు. ఆయనే తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1951లో డేనియల్ లెర్నర్, హెరాల్డ్ లాస్‌వెల్ సంపాదకులుగా 'ది పాలసీ సైన్సెస్' అనే గ్రంథం వెలువడింది. మన దేశంలో పాల్ ఆపిల్‌బీ నివేదిక తర్వాత 1954లో ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, 1956లో హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఏర్పడ్డాయి. కాబట్టి ఇది నిన్న మొన్న పుట్టిన చదువేమీ కాదు.

ఇందులో ఏం నేర్పుతారని అడిగితే రెండు ఉదాహరణలు చెబుతాను. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. వేదిక మీద అది ఒక్క వాక్యం. అదే మన తరగతి గదిలోకి వచ్చేసరికి అయిదారు ప్రశ్నలవుతుంది. బియ్యం ఎక్కడ కొనాలి? కార్డు ఎవరికివ్వాలి? కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడాను ఏ పద్దు కింద భరించాలి? డీలరుకు గిట్టుబాటు కాకపోతే ఆ బియ్యం ఏ దారి పడుతుంది? వీటికి జవాబు లేని పథకం జి.ఓ. కాగితం మీదే ఉండిపోతుంది.

రెండోది సారా సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడికి ఎదురు నిలిచారు. అక్షరాస్యతా తరగతుల్లో కూర్చుని చదువుకున్నవాళ్ళు తమ బతుకుల గురించి కూడా మాట్లాడుకున్నారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఖజానాకు రాబడి పోయింది, దొంగసారా పెరిగింది అన్నవి అప్పటి వాదనలు. విధానమంటే సచివాలయంలోనే పుట్టేది కాదనీ, పుట్టినంత మాత్రాన నిలిచేదీ కాదనీ ఈ ఒక్క కథ చెబుతుంది.

ఇవన్నీ పుస్తకంలో చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాడినే నేను. కానీ ఈ చదువు నాకు నిజంగా అర్థమైంది మా అవ్వ వల్ల.

ఒకసారి అవ్వకు మూడు నెలలు పింఛను ఆగిపోయింది. యంత్రం మీద ఆమె వేలిముద్ర పడటం లేదు. చెనక్కాయలు వలిచి, కలుపు తీసి, గిన్నెలు తోమి గీతలు అరిగిపోయాయి. నేను వెంట వెళ్ళి అడిగితే, "మిషను తీసుకోవట్లేదు, మేమేం చేస్తాం?" అన్నారు. ఆ మాట అన్న గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. ముద్ర పడనివారికి ఏం చేయాలో ఉత్తర్వులో రాసే ఉంది. అది ఆ బల్ల దాకా రాలేదు, అంతే. ఉత్తర్వు నకలు తీసుకుని, అర్జీ రాసి ఇస్తే నాలుగో నెలలో డబ్బు వచ్చింది. దారిలో అవ్వ అన్న మాట మాత్రం మరచిపోలేను. "చేతులు అరిగేదాకా పని చేసినందుకే కదరా నాకు ఈ పింఛను. అరిగినాయని ఆపేస్తే ఎట్లరా?"

మా పాఠ్యపుస్తకాల్లో 'అమలులో లోపం' అన్న అధ్యాయం ఉంది. ఆ అధ్యాయమంతా అవ్వ ఒక్క మాటలో చెప్పింది.

ఇక ఉద్యోగాల మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గదా! ఈ డిగ్రీ చేతికి రాగానే ఆర్డరు ఇంటికి రాదు. సివిల్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఐచ్ఛికాంశంగా ఉంది. అయితే 2013 నుంచి మెయిన్స్‌లో రెండు ఐచ్ఛికాంశాల బదులు ఒక్కటే ఉండటంతో, కేవలం దాన్నే నమ్ముకుంటే చాలదు. అధ్యాపక వృత్తి కోరేవారికి నెట్‌లో ఇదొక సబ్జెక్టు. పరిశోధనా సంస్థలూ, స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలంది గనుక, ఆ డబ్బు ఎలా ఖర్చవుతోందో చూసేవారూ కావాలి. పార్లమెంటు సభ్యుల దగ్గర దాదాపు ఏడాది పాటు పనిచేసే లాంప్ ఫెలోషిప్ ఉంది. బెంగుళూరు నేషనల్ లా స్కూలు 2014లో రెండేళ్ళ మాస్టర్స్ కోర్సు ప్రారంభించింది. ఇంకా కొన్నిచోట్ల ఇటువంటి కోర్సులున్నాయి. చేరేముందు ఫీజు ఎంతో, ఉపకారవేతనం ఉందో లేదో తప్పక కనుక్కోండి. ఈ రంగంలో చాలా కొలువులు ఏడాదికో రెండేళ్ళకో పరిమితమైన కాంట్రాక్టు కొలువులన్నది కూడా ఇంట్లో ముందే చెప్పాలి.

చేరదలచిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా సలహాలు మూడు. ఒకటి, గణాంకశాస్త్రానికి భయపడకండి. లెక్క రానివాడి వాదనను ఏ ఆఫీసరూ వినడు. రెండు, బడ్జెట్టు పద్దులూ జి.ఓ.లూ చదవడం అలవాటు చేసుకోండి. వాటిని అవ్వకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం కూడా నేర్చుకోండి, మొదటిదానికంటే అది కష్టం. మూడు, ఊళ్ళకు వెళ్ళండి. ఉపాధిహామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఆ పథకంలో మన రాష్ట్రానికి పేరు తెచ్చింది సామాజిక తనిఖీ. మస్టరు రోలు ఊరి మధ్య గట్టిగా చదివితే, పని చేయనివాడి పేరు అందులో ఉంటే, తప్పు పట్టుకోవడానికి డిగ్రీ అక్కరలేదు. ఆ చదివే ఏర్పాటు చేయడానికి మాత్రం మన చదువు కావాలి.

మొన్న సంక్రాంతికి మామ మళ్ళీ అడిగాడు, "నీ పాలసీ ఎంతవరకు వచ్చింది?" అని. ఈసారి జవాబు దొరికింది. "మామా, నువ్వు అగ్గిపెట్టె కొన్నా, లారీ డీజిలు కొన్నా ఈ పాలసీకి ప్రీమియం కడుతూనే ఉన్నావు. ఊరంతా కడుతోంది. అవసరం వచ్చిననాడు క్లెయిము ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, ఎందుకందలేదు అని చూసేవాడిని నేను."

మామ తలూపి, "అయితే కమీషను ఉండదన్నమాట" అన్నాడు.

ఉండదు. అవ్వకు మాత్రం ప్రతి నెలా పింఛను అందుతోంది.