చంద్రగిరి మహళ్ళు

గతాన్ని తెలుసుకోవడానికి శాసనాలు, గ్రంథాలు ఎంత అవసరమో పూర్వులు నివసించిన గృహాలూ అంతే అవసరం. శాసనం తనను చెక్కించినవారు చెప్పదలచిన విషయాన్నే చెబుతుంది. నివాసగృహం మాత్రం వారు ఎలా జీవించారో, ఏ విద్యలు తెలిసినవారో, ఎవరి నుండి ఏమి నేర్చుకొన్నారో కూడా తెలియజేస్తుంది. అయితే మన దేశంలో ప్రాచీన దేవాలయాలు నిలిచినంతగా ప్రాచీన గృహాలు నిలువలేదు. అలా నిలిచిన అరుదైన కట్టడాలలో తిరుపతికి సమీపాన ఉన్న చంద్రగిరి దుర్గంలోని మహళ్ళు ముఖ్యమైనవి.

స్వర్ణముఖీ నదికి చేరువలో, ఎత్తైన కొండ పాదాన ఈ దుర్గం వెలసింది. విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించిన సాళువ నరసింహరాయలకు మొదట చంద్రగిరియే స్థావరం. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో ఓటమి తరువాత విజయనగర రాజధాని పెనుగొండకు తరలింది. ఆపైన ఆరవీటి వంశీయుడైన రెండవ వేంకటపతిరాయల కాలంలో చంద్రగిరి రాజధాని అయింది. శిథిలమవుతున్న ఒక మహాసామ్రాజ్యపు చివరి వైభవానికి ఈ దుర్గం సాక్షి.

దుర్గంలో రెండు ప్రధాన భవనాలున్నాయి. మూడంతస్తులది రాజమహలు, దానికి సమీపాన ఉన్న రెండంతస్తులది రాణిమహలు. రాజమహలు నిర్మాణంలో రాయి, ఇటుక, సున్నం ఉపయోగించారు. కలప వాడలేదు. దూలాలు మోయవలసిన బరువును ఇక్కడ కమానులు మోస్తాయి. పైబరువు పడినకొద్దీ కమానులోని రాళ్ళు ఒకదానినొకటి ఒత్తుకొని బిగుసుకొంటాయి. ఆ భారం స్తంభాల మీదుగా పునాదికి చేరుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఏళ్ళు గడిచినకొద్దీ రాయిగా గట్టిపడుతుంది.

ఈ విశేషం విలువ హంపీని చూస్తే బోధపడుతుంది. అక్కడ శిలామయమైన ఆలయాలు నిలిచాయి. రాజప్రాసాదాలకు మాత్రం చాలావరకు రాతి పీఠాలే మిగిలాయి. కలపతో కట్టిన పైభాగాలు నశించాయి. విజయనగర ప్రభువుల నివాసం ఎలా ఉండేదో ఊహించే పని లేకుండా కళ్ళారా చూపగలిగిన అరుదైన కట్టడం చంద్రగిరి రాజమహలు.

ఈ భవనాలలో మరొక సత్యమూ ఉంది. కమానుల తీరు సుల్తానుల నిర్మాణ సంప్రదాయానికి చెందినది. రాజమహలు పైనున్న శిఖరాలు దేవాలయ గోపురాలను తలపిస్తాయి. యుద్ధభూమిలో శత్రువులైనవారు శిల్పవిద్యలో పరస్పరం నేర్చుకొన్నారు. చరిత్ర గ్రంథాలు యుద్ధాలను వర్ణిస్తే, ఈ గోడలు ఆ సమన్వయాన్ని వర్ణిస్తున్నాయి.

నేడు ఈ దుర్గం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉంది. రాజమహలులో శిల్పాలను భద్రపరచిన ప్రదర్శనశాల నడుస్తోంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడం హద్దు నుండి 100 మీటర్ల లోపు నూతన నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కట్టడానికి హాని చేసినవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

అయినా చట్టం ఒక్కటే చాలదు. పాతగోడకు సిమెంటు పూయడం మేలనిపిస్తుంది. కాని సున్నపు గోడ తేమను బయటకు విడుస్తుంది; సిమెంటు దానిని లోపలే బంధించి గోడను గుల్ల చేస్తుంది. కనుక మరమ్మతుకూ పూర్వుల విద్య తెలియాలి. గోడపై మేకుతో పేరు చెక్కే సందర్శకుడు క్షణకాలపు సరదా కోసం శతాబ్దాల పూతను గాయపరుస్తున్నాడు. రాలిన పూతను మళ్ళీ పూయవచ్చు. ఆనాటి పనివాని చేతిముద్రను తిరిగి తేలేము.

మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి సంరక్షించడం ప్రతి పౌరుని విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం నిర్దేశిస్తోంది. ఆ విధి పెద్ద దుర్గాలకే పరిమితం కాదు. ఊరిలోని పాత మండువా ఇల్లు, రాతి సత్రం, దిగుడు బావి కూడా అందులోనివే. చంద్రగిరిని కాపాడే చట్టం వాటిలో చాలావాటికి లేదు. వాటికి ఉన్న రక్షణ వాటి విలువ తెలిసిన మనుషులే.