కూరకు జ్వరం చూసే మిషన్

"వీడెవడే అమ్మాయ్?" అంది మా అత్తయ్య.

"వీడు కాదత్తయ్యా, సూ వీడ్. ఫ్రెంచి మాట. గాలి లేకుండా అని అర్థం."

"గాలి లేకుండా వంటా? మనకే ఆడటం లేదు ఈ వంటింట్లో!" అనేసి ఆవిడ చిక్కుడుకాయలు ఒలవటంలో పడిపోయింది.

మారేడ్‌పల్లిలోని మా వంటింట్లోకి ఈ కొత్త చుట్టం రావటానికి కారణం మా మామయ్య. రైల్వేలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు, షుగరు ఉంది, రెండేళ్ల కిందట పళ్లన్నీ తీసేసి కట్టుడుపళ్లు పెట్టారు. అప్పట్నుంచీ ఆదివారం మటన్ వండితే పులుసు మాత్రం అన్నంలో కలుపుకుని, ముక్కలు కంచం అంచున వరసగా పేర్చి లేచిపోయేవారు. ఎన్ని విజిల్స్ వేయించినా ముక్క పీచు పీచుగా విడిపోయి పళ్ల సెట్టు కింద ఇరుక్కుంటుందట. ఏనాడూ పెదవి విప్పి చెప్పలేదు. కంచం కడిగేది నేను కాబట్టి నాకు తెలిసింది. మనిషి చిక్కిపోతున్నారు, మాంసకృత్తులు బాగా పెట్టమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడితో ఈ మాట అంటే, "అక్కా, నేను వాడేది నీకు తెస్తాలే" అన్నాడు.

నీళ్లలో కడ్డీ

చూడటానికి పెద్ద టార్చిలైటులా ఉంటుంది. నీళ్లు నింపిన గిన్నె అంచుకి క్లిప్పుతో తగిలించాలి. లోపల హీటరు, నీళ్లను తిప్పే చిన్న ఫ్యాను, వేడిని కొలిచే పరికరం ఉంటాయి. మనం 65 అని పెడితే నీళ్లన్నీ 65 డిగ్రీల దగ్గరే గంటలకొద్దీ నిలబడతాయి. మాంసాన్ని సంచిలో పెట్టి, గాలి తీసేసి అందులో ముంచుతాం. మంట లేదు, మరగటం లేదు, మాడటం అంతకన్నా లేదు.

మరి ఉడుకుతుందా? ఉడుకుతుంది. కుక్కర్లో వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. ఆ ధాటికి మాంసంలోని పోగులు బిగుసుకుని, తడి గుడ్డను పిండినట్టు రసమంతా బయటికి కక్కేస్తాయి. తక్కువ వేడిలో అంతగా బిగుసుకోవు. ముక్కను గట్టిగా పట్టి ఉంచే బంధనాలు మాత్రం నిదానంగా కరిగి జిగురవుతాయి. ఇందులో కిటుకల్లా ఓపికే.

ఈ ఓపిక మనకి కొత్తా చెప్పండి! మా అమ్మమ్మ దాలిలో పిడకల మీద పాలకుండ పెడితే పొద్దుట్నుంచి సాయంత్రందాకా కాగి, మీగడ ఎర్రగా కట్టేది. మూతకి పిండి పూసి దమ్ పెట్టే బిర్యానీ, రంజాన్ నెలలో బట్టీల మీద గంటల తరబడి ఉడికే హలీమ్ మన జంటనగరాల సొత్తు. మన హైదరాబాద్ హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పాశ్చాత్యులకీ ఇది పాత సంగతే. బెంజమిన్ థాంప్సన్ అనే శాస్త్రజ్ఞుడు బంగాళాదుంపలు ఎండబెట్టే యంత్రంలో గొర్రె జబ్బ మాంసం పెట్టి, రాత్రంతా ఉంచితే ఎంత మెత్తగా ఉడికిందో 1799లోనే రాశాడు. సంచిలో పెట్టి వండే పద్ధతికి పేరు తెచ్చింది ఫ్రాన్సులో జార్జెస్ ప్రాలూ. 1974లో ఒక పెద్ద హోటలు కోసం బాతు కాలేయంలోని కొవ్వు కరిగి వృథా కాకుండా ఉండే ఉపాయం వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు. అదే రోజుల్లో బ్రూనో గుస్సో అనే శాస్త్రజ్ఞుడు ఏ వేడికి ఎంతసేపు ఉంచాలో లెక్కలు కట్టాడు. చాలాకాలం హోటళ్లకే పరిమితమైన ఈ పరికరం గత పది పదిహేనేళ్లలోనే ఇళ్లలోకి వచ్చింది.

మొదటి దెబ్బ

తమ్ముడు తెచ్చిన మిషన్‌ను మర్నాడే పిన్ మార్చే సాకెట్టులో పెట్టి స్విచ్ వేశాను. టప్‌మని చప్పుడు, కమురు వాసన, అంతే! అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. పిన్ మార్చితే వోల్టేజీ మారదని ఫిజిక్సు చదివి డిగ్రీ పుచ్చుకున్న నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. మావారు ఏమీ అనలేదు. అనకపోవటమే పెద్ద మాట!

తర్వాత లండన్ నుంచి వస్తున్న పిన్ని కూతురి చేత ఇంకొకటి తెప్పించుకున్నాను. అక్కడా 230 వోల్టులే కాబట్టి పిన్ మారిస్తే సరిపోయింది. మీరూ ఎవరిచేతైనా తెప్పించుకుంటుంటే, మిషన్ మీద రాసిన వోల్టులు చూడకుండా స్విచ్ మీద చెయ్యి వెయ్యకండి.

రెండో దెబ్బ

ఎముకలు తీసేసిన కిలో మటన్ కొన్నాను. 60 డిగ్రీల దగ్గర 24 గంటలు అని ఎక్కడో చదివి, శనివారం సాయంత్రం ఆరింటికి నీళ్లలో ముంచి నిశ్చింతగా పడుకున్నాను. తెల్లవారుజామున అయిదింటికి డికాక్షన్ వెయ్యటానికి వెళితే మిషన్ గమ్మున ఉంది. వేలు పెడితే నీళ్లు గోరువెచ్చన! రాత్రి పదకొండింటికి కరెంటు పోయి రెండింటికి వచ్చిందని వాచ్‌మన్ చెప్పాడు. కరెంటు వచ్చినా నా మిషన్ తనంతట తాను మొదలవదు. అంటే ఆరు గంటలు ఆ మాంసం చల్లారుతూ కూచుంది.

"కుక్కర్లో పడేసి ఆరు విజిల్స్ వేయించు. ఏమీ కాదు. కిలో మాంసం పారబోస్తారా ఎవరైనా?" అంది అత్తయ్య. ఆవిడ మాట తీసెయ్యలేం. బియ్యం గింజ కిందపడితే ఏరుకున్న ఇల్లు అది.

కానీ ఇక్కడే తిరకాసు ఉంది. 60 డిగ్రీల దగ్గర చాలా క్రిములు చచ్చిపోయినా, కొన్నిటి బీజాలు చావవు. నీళ్లు గోరువెచ్చన కాగానే మొలకెత్తి పెరుగుతాయి. సంచిలో గాలి లేకపోతే కొన్నిటికి మరీ హాయి. కొన్ని క్రిములు విడిచే విషం మరిగించినా పోదు. మన చేతికి, ముక్కుకి ఏ తేడా తెలియదు. తినబోయేది డెబ్భై ఎనిమిదేళ్ల షుగరు మనిషి.

పారబోశాను. అత్తయ్య ఆ రోజంతా నాతో ముక్తసరిగానే మాట్లాడింది. మామయ్య మాత్రం, "బండిలో అనుమానం ఉంటే స్టేషన్ దాటనివ్వం. అమ్మాయి చేసింది రైటే" అన్నారు పేపరు వెనకనుంచి.

మూడోసారి

ఈసారి పగలు పెట్టుకున్నాను, కంటి ముందు ఉంటుందని. వేడి కూడా పెంచి 74 డిగ్రీలు, 12 గంటలు. పొద్దున్న ఆరున్నరకి ముంచి సాయంత్రం ఆరున్నరకి తీశాను. ఉప్పు, పసుపు, కాస్త కారం తప్ప సంచిలో ఏమీ వెయ్యలేదు. ఎందుకంటే ఉల్లి, అల్లం, వెల్లుల్లికి ఈ వేడి చాలదు, పచ్చివాసన పోదు. మసాలా అంతా విడిగా మూకుట్లో నూనె తేలేదాకా వేయించి, సంచిలో ఊరిన రసం పోసి మరిగించి, చివర్లో ముక్కలు కలిపాను. పెనం మీద ఎర్రగా వేయించుకున్నా బావుంటుంది. నీళ్లలో ముక్కకి ఆ రంగు, ఆ కమ్మదనం రావు మరి.

మామయ్య ఒక ముక్క వేలితో నొక్కి చూశారు. నోట్లో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. ఆరు ముక్కలు తిన్నారు. ఆ రాత్రి కంచం అంచున ఏమీ లేదు.

అత్తయ్య ఆ కంచం చూసింది. "వచ్చేవారం నాటుకోడి పెట్టు ఆ వీడితో" అంది.

అన్నీ ఇలా కుదిరాయనుకోకండి. 63 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచిన గుడ్డు చూసి మావాడు ఆహా అన్నాడు. అత్తయ్య చీమిడిలా ఉందని ముఖం తిప్పుకుంది. పెద్దవాళ్లకి, గర్భిణులకి అలాంటి గుడ్డు పెట్టకపోవటమే మంచిది కూడా. పప్పు, అన్నం, ఆకుకూరలకి దీంతో పనే లేదు, మన కుక్కరే మహారాణి.

మీరూ ప్రయత్నిస్తే...

* బజారు క్యారీబ్యాగులు వద్దు. ఆహారానికి పనికొచ్చే మందపాటి ఫ్రీజర్ జిప్ సంచులే వాడండి. ఎక్కువ గంటలైతే రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి పెట్టండి.
* గాలి తీసే మిషన్ అక్కర్లేదు. జిప్ కాస్త తెరిచి సంచిని మెల్లగా నీళ్లలోకి దించితే నీళ్లే గాలిని తోసేస్తాయి. అప్పుడు మూసి, బట్టల క్లిప్పుతో గిన్నె అంచుకి తగిలించండి. తేలుతుంటే లోపల ఒక స్టీలు చెంచా వెయ్యండి.
* ఎముక లేని కోడి ముక్క అంగుళం మందం ఉంటే 65 డిగ్రీలు, గంటన్నర. క్యారెట్ లాంటి గట్టి కూరలకి 85 డిగ్రీలు కావాలి.
* తీసిన వెంటనే తినాలి. లేదా సంచిని ఐసు నీళ్లలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. గట్టు మీద వదిలెయ్యకూడదు.
* గిన్నె మీద మూత గానీ ఫాయిల్ గానీ కప్పండి. నీళ్లు ఇగిరి గీత కిందికి పోతే మిషన్ ఆగిపోతుంది.
* కరెంటు ఖర్చు భయపడేంత కాదు. పది లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకి చేరటానికి అర యూనిట్ లోపే. ఆ తర్వాత చల్లారినంత మేరకే తీసుకుంటుంది.
* కరెంటు ఎప్పుడు పోయిందో, ఎంతసేపు పోయిందో తెలియకపోతే పారెయ్యండి. అత్తగారు అలిగినా సరే!

అలక నాలుగు రోజుల్లో తీరుతుంది. పెద్దాయన ఆసుపత్రి పాలైతే అంత తేలిగ్గా తీరుతుందా?