డెత్ వ్యాలీలో నడక, విడిది

అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దున ఉన్న డెత్ వ్యాలీలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 5 సెంటీమీటర్లే. పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలి దారిలోని పర్వతశ్రేణులు దాటేలోపే తడి అంతా కోల్పోతుంది. లోయ అడుగు సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంటుంది. అక్కడ వేడెక్కి లేచిన గాలి చుట్టూ ఉన్న కొండలు దాటలేక మళ్లీ కిందికే దిగి, ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది. 1913 జులై 10న ఇక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. కొందరు శాస్త్రవేత్తలు దీన్ని శంకించినా, ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే.

ఇంత వేడిలో శరీరానికి దిక్కు చెమటే. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. కోస్తా ఉక్కపోతలో చెమట కారుతూ కనిపిస్తుంది. ఎడారి పొడిగాలిలో మాత్రం పుట్టింది పుట్టినట్టే ఆవిరైపోతుంది. చొక్కా తడవదు. మెడ దగ్గర తెల్లటి ఉప్పు చార మాత్రం తేలుతుంది. నీరు ఎంత పోయిందో తెలియకపోవడమే అసలు ప్రమాదం. అందుకే మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు, నడిచే రోజు అంతకంటే ఎక్కువ నీరు ఉంచుకోవాలి. ఉప్పు లేకుండా నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. కాబట్టి ఉప్పగా ఉండే తిండి కూడా సంచిలో ఉండాలి.

నడకకు అనువైన కాలం నవంబరు నుంచి మార్చి వరకు. వేసవిలో పల్లపు దారుల్లో ఉదయం 10 దాటాక నడవవద్దని ఇక్కడి జాతీయ పార్కు అధికారులు హెచ్చరిస్తారు. వెయ్యి మీటర్లు ఎక్కితే 6 నుంచి 9 డిగ్రీలు తగ్గుతుంది కనుక, 3,366 మీటర్ల టెలిస్కోప్ శిఖరం దారి వేసవిలోనూ నడవదగ్గదే. చలికాలంలో అక్కడ మంచు పేరుకుంటుంది.

గుడారం ఎక్కడ వేస్తారన్నది నీళ్లు మోసుకెళ్లడమంత ముఖ్యం. చదునుగా, మెత్తటి ఇసుకతో ఊరించే చోటు చాలాసార్లు ఎండిన వాగే అవుతుంది. ఎత్తున పొదల్లో చిక్కుకున్న పుల్లలు, చెత్త కనిపిస్తే వరద అంత ఎత్తున పారిందని అర్థం. గట్టిపడ్డ నేల వానను పీల్చుకోదు. ఎక్కడో కొండల మీద కురిసిన వాన, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే వాగులో విరుచుకుపడుతుంది. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను శేషం ఫర్నేస్ క్రీక్‌లో ఒక్క రోజులో 56 మిల్లీమీటర్లు కురిపించింది. దారులు కొట్టుకుపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది.

సెల్‌ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఏ దారిన వెళ్తున్నదీ, ఎప్పుడు తిరిగొచ్చేదీ ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి వెళ్లాలి. వాహనం మొరాయిస్తే దాన్ని వదిలి నడవకూడదు. వెతికేవాళ్లకు మనిషి కంటే వాహనమే తేలిగ్గా కనబడుతుంది. తెల్లవారాక బూట్లు దులిపి తొడుక్కోవాలి, తేళ్లు దూరి ఉండవచ్చు.

నీటి ఊట ఉన్నచోట, దానికి 100 గజాల లోపల విడిది చేయడం నిషిద్ధం. కొండగొర్రెలకు ఆ చుట్టుపక్కల వేరే నీరు ఉండకపోవచ్చు. మనుషుల అలికిడి ఉంటే అవి తాగడానికి రావు. ఊటనీటిని మనుషులు తాగాలంటే మరిగించుకోవాలి. మారుమూల ప్రాంతాల్లో కట్టెల మంట వేయనివ్వరు కాబట్టి అందుకు గ్యాస్ పొయ్యి వెంట ఉండాలి.