స్వరం మొదలయ్యే చోట

పియానో మీద వాయించిన ఒక స్వరాన్ని రికార్డు చేసి, వెనక నుంచి ముందుకు తిప్పి వినిపిస్తే ఎవరూ దాన్ని పియానో అనుకోరు. హార్మోనియంలో గాలి నిండుతున్నట్టు నాదం మెల్లగా పెరిగి, చివరికి టక్కున తెగిపోతుంది. నిజానికి రికార్డులో ఒక్కటీ తగ్గలేదు, ఒక్కటీ కలవలేదు. ఏ పౌనఃపున్యం ఎంత పాలు ఉందో మొత్తంగా లెక్క తీస్తే అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా అదే లెక్క. మారింది వరుస ఒక్కటే. 1948లో పారిస్‌లో పియర్ షెఫర్ అనే స్వరకర్త గంట మోత రికార్డులోంచి దెబ్బ పడిన ముక్కను కోసేసి మిగతాది వింటే అందులో గంట ఆనవాలే లేకుండా పోయింది. 1964లో సాల్దానా, కోర్సో అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల వాయిద్యాల స్వరాలను మొదట్లోనూ చివర్లోనూ కత్తిరించి శ్రోతల ముందు పెట్టారు. చివర కోసేసినా పెద్ద ఇబ్బంది పడని శ్రోతలు, మొదలు పోయేసరికి ఏది ఏ వాయిద్యమో చెప్పలేక తడబడ్డారు. స్వరం పుట్టీపుట్టగానే, దాని శ్రుతి ఇంకా కుదురుకోకముందే, చెవి వాయిద్యం పేరు తేల్చేసుకుంటోందన్నమాట. ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని వాయించే శాంపిల్ (ముందే రికార్డు చేసి పెట్టుకున్న) వాయిద్యాల కథంతా ఈ మొదటి క్షణాన్ని చేజారకుండా పట్టుకోవడానికి పడిన తిప్పలేనని నా వాదం. గిగాబైట్లు ఎన్ని, మైకులు ఎంత ఖరీదైనవి అన్న సంగతులు ఆ తర్వాతే.

అసలు వాయిద్యాన్ని ముందే రికార్డు చేసి పెట్టుకుని మీట నొక్కినప్పుడు వినిపించాలన్న ఆలోచన కంప్యూటర్‌ది కాదు, టేపుది. కాలిఫోర్నియాలో హ్యారీ చాంబర్లిన్ చేసిన యంత్రాన్ని ఆయన దగ్గర అమ్మకాలు చూసే మనిషి ఒకడు ఇంగ్లండు పట్టుకుపోయాడు. బర్మింగ్‌హామ్‌లోని బ్రాడ్లీ సోదరులు దాన్నే మెరుగుపరిచి 1963లో మెలోట్రాన్‌గా తెచ్చారు. సొమ్ము ఎవరిది, సోకు ఎవరిది అన్న తగాదా చాలాకాలం నడిచింది. నాకు ఆ తగాదా కన్నా ఇందులోని ఒక చిన్న ఏర్పాటు ఎక్కువ ముద్దొస్తుంది. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. దాని ఆయువు దాదాపు ఎనిమిది సెకన్లు. మీట నొక్కి ఉంచితే ఎనిమిది సెకన్ల తర్వాత నాదం ఆగిపోతుంది; వదిలితే స్ప్రింగు టేపును మళ్లీ మొదటికి లాగేస్తుంది. టేపు రెండు కొసలూ అతికించి గుండ్రంగా తిప్పితే నాదం ఎంతసేపైనా సాగేదే కదా, ఇంత తంటా ఎందుకు? గుండ్రటి టేపుకి మొదలంటూ ఉండదు. మీట నొక్కిన వేళకి టేపు ఎక్కడుంటే అక్కడి నుంచే శబ్దం వస్తుంది, వేణువులో ఊపిరి తగిలే ఆ మొదటి రవ్వ ఎప్పుడో గానీ వినపడదు. మొదలు దక్కించుకోవడానికి నిడివిని వదులుకున్నారు. 1967లో బీటిల్స్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వినిపించే వేణువులు ఈ పెట్టెలోవే.

తర్వాత టేపు పోయి మెమరీ చిప్పు వచ్చింది, దాంతో కరువూ వచ్చింది. 1979లో సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ తయారుచేసిన ఫెయిర్‌లైట్ అనే శాంపిలర్ ఇంటి ఖరీదు చేసే యంత్రం. అయినా ఒక్కో స్వరానికి దక్కింది 16 కిలోబైట్ల మెమరీ, అంటే ఉజ్జాయింపుగా ఒక సెకను శబ్దం. ఆ ఒక్క సెకనులో ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి? ఈ ప్రశ్నకి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తెలివైన జవాబు 1987లో రోలాండ్ కంపెనీ డీ-50 అనే కీబోర్డుతో ఇచ్చింది. అప్పటికి నాలుగేళ్లుగా రాజ్యమేలుతున్న యమహా డీఎక్స్7 శాంపిళ్ల జోలికే పోదు. గణితంతోనే శబ్దాన్ని పుట్టిస్తుంది. గంటలూ ఎలక్ట్రిక్ పియానోలూ అందులో అద్దంలా మెరుస్తాయి గానీ, వేణువులో ఊపిరి, తంత్రి మీద గోరు గీసుకునే చప్పుడు లాంటి గరుకుదనం మాత్రం దానికి అంత తేలిగ్గా దొరకదు. రోలాండ్ ఇంజినీర్లు ఆ గరుకుదనమంతా స్వరం మొదట్లోనే ఉంటుందని లెక్కవేశారు. నిజం వాయిద్యాల నుంచి ఆ మొదటి ముక్కను మాత్రమే రికార్డు చేసి చిప్పులో దాచారు, దాని వెనక సాగే నాదాన్ని మామూలు సింథసైజరు చేతే పలికించారు. చిప్పులో ఉన్న వంద శాంపిళ్లలో దాదాపు సగం ఇలా టక్కున మొదలై టక్కున అయిపోయే ముక్కలే. వేణువు ముక్క తల, కృత్రిమ నాదం మొండెం; చెవి మాత్రం రెంటినీ కలిపి ఒకే వాయిద్యంగా వింటుంది.

డీ-50లో ఒక్కో ధ్వని ఇలాంటి నాలుగు పొరల దాకా కలుపుకోగలదు. పొరలు పేర్చడమన్నది ఇక్కడ అలంకారం కోసం పుట్టలేదు, కరువులోంచి పుట్టింది. ఆ కీబోర్డుకి ధ్వనులు కూర్చినవాళ్లలో ఒకడైన ఎరిక్ పెర్సింగ్ తర్వాత స్పెక్ట్రాసానిక్స్ అనే సొంత కంపెనీ పెట్టి 2008లో ఆమ్నిస్ఫియర్ తెచ్చాడు. కాలుతున్న పియానో చేసే చప్పుళ్లను కూడా శాంపిల్ చేసి సింథసైజరు నాదంతో పేర్చే ఆ సాఫ్ట్‌వేర్‌ను సినిమా నేపథ్య సంగీతం చేసేవాళ్లకు వేరే పరిచయం చెయ్యనక్కర్లేదు. కరువు తీరిపోయినా కరువు నేర్పిన పద్ధతి నిలిచింది.

పొరల్లో ఇంకో జాతి ఉంది, దాని అవసరం పూర్తిగా వేరు. మీట మెల్లగా నొక్కడానికీ గట్టిగా కొట్టడానికీ తేడా కేవలం శబ్దం పెరగడమే అయితే ఒక్క రికార్డింగు చాలు, గట్టిగా కొట్టినప్పుడు దాని వాల్యూమ్ పెంచితే సరిపోయేది. పియానో సుత్తికి చుట్టిన ఉన్ని అందుకు ఒప్పుకోదు. మెల్లగా తగిలితే ఉన్ని మెత్తగా నలుగుతుంది, తీగను కాసేపు అంటిపెట్టుకుని ఉంటుంది, పైస్థాయి హార్మోనిక్స్‌ను అణిచేస్తుంది. గట్టిగా తగిలితే అదే ఉన్ని బిగుసుకుపోయి చటుక్కున వెనక్కి ఎగురుతుంది, పై హార్మోనిక్స్ వెల్లువలా వస్తాయి. శబ్దం పెద్దదవడంతో పాటు ధ్వని స్వభావమే మారుతుందన్నమాట. ఆ మార్పు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మళ్లీ ఆ మొదటి క్షణంలోనే. అందుకే ఒకే స్వరాన్ని మెల్లగా, కాస్త గట్టిగా, ఇంకాస్త గట్టిగా అంటూ పలుమార్లు వాయించి విడివిడిగా రికార్డు చేస్తారు. కీబోర్డులూ కంప్యూటర్లూ మాట్లాడుకునే మిడి భాషలో మీట మీది దెబ్బకి 1 నుంచి 127 దాకా అంకె ఉంటుంది కాబట్టి, ఏ అంకెకి ఏ పొర పలకాలో పంచిపెడతారు. వీటినే వెలాసిటీ లేయర్లంటారు. ఒక పొర నుంచి ఇంకో పొరకి మారినట్టు తెలియకుండా రెంటినీ కలిపి కరిగించవచ్చు కదా అని తోస్తుంది. వయొలిన్ల గుంపుకైతే అది చెల్లుతుంది. ఒంటి వయొలిన్‌కి చేస్తే, ఆ కరిగే వేళ ఇద్దరు కలిసి వాయిస్తున్నట్టు వినిపించి గుట్టు బయటపడుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. పియానోకి 88 మీటలు, మీటకి ఎనిమిది పొరలు, పొరకి ఇరవై సెకన్లు. సీడీ నాణ్యతలో స్టీరియో శబ్దం సెకనుకి 1,76,400 బైట్లు. మొత్తం దాదాపు రెండున్నర గిగాబైట్లు తేలుతుంది. 1998లో 128 మెగాబైట్ల ర్యామ్ ఉన్నదంటే మంచి కంప్యూటర్ కింద లెక్క. హార్డ్ డిస్కులో మాత్రం గిగాబైట్ల చోటుంది. డిస్కు నుంచే నేరుగా వాయిస్తే పోదా? పోదు, ఎందుకంటే డిస్కులో చదివే సూది సరైన చోటికి వెళ్లి నిలవడానికి దాదాపు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క స్వరానికైతే ఓర్చుకోవచ్చు. పది వేళ్లూ ఒకేసారి పడితే పదో స్వరం పలికేసరికి 100 మిల్లీసెకన్లు, అప్పటికి తాళం చెడిపోతుంది. ఆ ఏడాదే టెక్సస్‌లోని నెమెసిస్ అనే చిన్న కంపెనీ గిగాశాంపిలర్‌తో ఈ ముడి విప్పింది. ప్రతి శాంపిల్‌నూ రెండుగా చీల్చింది. తల భాగం, అంటే మొదటి కొద్ది వందల మిల్లీసెకన్లు, ఎప్పుడూ ర్యామ్‌లోనే కాచుకుని ఉంటుంది. మిగతా ఒళ్లంతా డిస్కులోనే పడి ఉంటుంది. మీట నొక్కిన మరుక్షణం ర్యామ్‌లోని తల పలుకుతుంది; అది పలికే లోపల సూది డిస్కు మీద పరుగెత్తి మిగతాది తెచ్చి వెనక అతికిస్తుంది. కూర్చోగానే ఇడ్లీ ముందు పెట్టి, అది తినేలోపు పెనం మీద దోసె కాల్చుకొచ్చే టిఫిన్ హోటల్ తెలివే ఇది.

పై లెక్కలోనే తలకి 0.2 సెకను చొప్పున ఇద్దాం. 704 శాంపిళ్లకి ర్యామ్‌లో కావలసింది 25 మెగాబైట్లే. రెండున్నర గిగాబైట్ల పియానో నూరో వంతు చోటులో ఒదిగిపోయింది. పది వేళ్ల దెబ్బకి సూది చేసే పది పరుగులు 100 మిల్లీసెకన్లలో ముగుస్తాయి, ఇంకో 100 చేతిలో మిగులుతాయి. ఆపైన ప్రతి పరుగులోనూ కాస్త పెద్ద ముక్క తెచ్చుకుని నిలవ చేసుకుంటే డజన్ల కొద్దీ స్వరాలు ఒకేసారి సాగినా నాదం తెగదు. వినేవాడికి ఇందులో ఏదీ తెలియదు, తెలియకూడదు కూడా. దానికి ముందరి శాంపిలర్లలో పియానో స్వరాన్ని రెండు మూడు సెకన్లకి కోసి, కొసను చిన్న చక్రంలా తిప్పి సాగదీసేవారు. శ్రద్ధగా వింటే ఆ చక్రం తిరగడం దొరికిపోయేది. ఇప్పుడు స్వరం తన ఇష్టం వచ్చినంతసేపు తనంతట తానే అణగారిపోవచ్చు. గిగాశాంపిలర్ తర్వాత టాస్కామ్ చేతికి పోయి 2008లో కనుమరుగైంది. బెర్లిన్‌లోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2002లో తెచ్చిన కాంటాక్ట్ ఆ సింహాసనం ఎక్కింది, ఇప్పటికీ దిగలేదు.

ఇక్కడ ఎవరైనా అడ్డు తగలవచ్చు. డీ-50 తలను దాచింది చెవి కోసం, గిగాశాంపిలర్ తలను దాచింది డిస్కు మందకొడితనం వల్ల. రెంటికీ చుట్టరికం కలపడం కవిత్వమే కదా అని. కారణాలు వేరన్న మాట ఒప్పుకోవలసిందే. కానీ రెండు యంత్రాలూ నిలబడింది ఒకే నేల మీద. స్వరంలో ఎక్కడైనా రాజీ పడవచ్చు, మొదట్లో మాత్రం కుదరదు. డిస్కు ఆలస్యాన్ని స్వరం నడుమ ఎక్కడైనా దాచగలిగారు గానీ తొలి అంచులో దాచలేకపోయారు, ఎందుకంటే చెవి కాపలా కాస్తున్నది అక్కడే. ఇంకో అభ్యంతరం కాలానిది. ఇప్పుడు సూదీ లేదు, తిరిగే పళ్లెమూ లేదు, ఎస్ఎస్‌డీలు కనురెప్ప పాటులో వందోవంతులో చదివేస్తున్నాయి, ఈ యుక్తికి పని తీరిపోలేదా అని. డిస్కు వేగం పెరిగిన కొద్దీ శాంపిల్ లైబ్రరీల ఆకలీ పెరిగింది. వందల గిగాబైట్ల ఆర్కెస్ట్రాలు వచ్చాయి, కొన్నిట్లో ఒక్క మీటకి నాలుగైదు మైకుల శబ్దం ఒకేసారి సాగాలి. కాంటాక్ట్‌లో ప్రీలోడ్ బఫర్ (ర్యామ్‌లో కాచుకుని ఉండే తల భాగం) సర్దుకునే మీట ఇప్పటికీ ఉంది. ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లు దాన్ని తగ్గించుకుంటారు, సున్నా చెయ్యరు.

అసలైన అభ్యంతరం వేరే చోట ఉంది. దెబ్బకో మీటుకో పలికే వాయిద్యాలకి ఈ మాట సరే, కమానుతోనో ఊపిరితోనో సాగే వాటి సంగతి? 1964 నాటి ఆ ప్రయోగంలోనే నాదంలో కంపనం ఉంటే గుర్తుపట్టడం తేలికైందని తేలింది, అంటే నడుమ భాగం మరీ దిక్కులేనిది కాదు. పైగా కమాను తీయకుండా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారితే రెండో స్వరానికి తల ఏదీ? వియన్నా సింఫోనిక్ లైబ్రరీ అనే శాంపిళ్ల కంపెనీ దీనికి మొండి జవాబు చెప్పింది. దాన్ని స్థాపించిన హెర్బ్ టుక్‌మాండిల్ వియన్నా ఫిల్హార్మోనిక్‌లో చెల్లో వాయించినవాడు, ఆ జారుడు విలువ వేళ్లకి తెలిసినవాడు. స్వరాలను మాత్రమే కాక, స్వరానికీ స్వరానికీ నడుమ దూకుళ్లను కూడా విడిగా రికార్డు చేయించాడు. ఒక్కో స్వరం నుంచి పైకి పన్నెండు, కిందికి పన్నెండు. వయొలిన్‌కి 45 స్వరాలనుకుంటే దూకుళ్లు వెయ్యికి దగ్గరగా ఉంటాయి, అదీ ఒక్క పొరకి. సాఫ్ట్‌వేర్ ముందు స్వరాన్ని గుర్తుంచుకుని, తర్వాతి మీట పడగానే సరైన దూకుడును వెతికి పలికిస్తుంది. జారే స్వరానికీ మొదలుంది, అది వెనకటి స్వరంలో మొదలవుతుంది, అంతే తేడా. నా వాదం ఇక్కడ ఓడిపోలేదు గానీ కాస్త సాగిందని ఒప్పుకుంటాను.

వీణ దగ్గర మాత్రం అది నిజంగానే తెగుతుంది. ఒకే పనస దుంగలో తొలిచే బొబ్బిలి వీణనే తీసుకోండి. మైనం మీద కూర్చిన 24 మెట్లు ఉన్నాయి కదా, మెట్టుకి ఎనిమిదేసి పొరలు తీసి పేరిస్తే చక్కటి మీటు వస్తుంది, వినగానే వీణ అని తెలుస్తుంది కూడా. ఆ తర్వాతే చిక్కు. కుడిచేత్తో ఒక్కసారి మీటి, ఎడమచేత్తో అదే మెట్టు మీద తీగను పక్కకి లాగి రెండు మూడు స్వరాలు పలికించడం వైణికులకి నిత్యకృత్యం. తోడి గాంధారం నిలకడగా ఒకచోట నిలిచే స్వరం కానే కాదు, అదొక ఊపు. ఆ ఊపు ఎక్కడ మొదలై ఎంత వేగంతో ఎక్కడ ఆగుతుందో రాగం చెప్పాలి, ముందు స్వరం చెప్పాలి, కాలం చెప్పాలి. వియన్నా పద్ధతిలో వెయ్యి దూకుళ్లు తీసినట్టు గమకాలను తీసి అరల్లో సర్దుదామంటే అరలకి అంతుండదు. కీబోర్డు మీది పిచ్ బెండ్ చక్రం తిప్పి లాగిస్తే శ్రుతి జారుతుంది, కానీ రికార్డింగు అంతా ఒక్కసారిగా జారుతుంది. వీణ కుండ అనునాదం తీగతో పాటు జారదు, ఉన్నచోటే ఉంటుంది. మామూలు చెవికి కూడా ఆ తేడా ఏదో ప్లాస్టిక్‌లా తగులుతుంది.

ఇలాంటి చోట శాంపిలర్‌కి పాత ప్రత్యర్థి ఒకడున్నాడు. తీగ బిగువు, పొడుగు, బరువు, మీటిన చోటు సమీకరణాల్లో పెట్టి నాదాన్ని అప్పటికప్పుడు పుట్టించే భౌతిక నమూనా పద్ధతి అది. 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ చూపిన మీటిన తీగ లెక్క మరీ చిన్నది. 2006లో ఫ్రాన్సు నుంచి వచ్చిన పియానోటెక్ కొద్ది పదుల మెగాబైట్లలో పియానో మొత్తాన్ని ఇమిడ్చింది. దానికి పొరలతో పనిలేదు, 127 దెబ్బలకీ 127 రకాల నాదం వస్తుంది. అయినా స్టూడియోల్లో శాంపిల్ పియానోలు ఖాళీ కాలేదు. సుత్తి తీగను తాకే మొదటి కొద్ది మిల్లీసెకన్లలో చెక్క, ఇనుము, ఉన్ని కలిసి చేసే చిల్లర చప్పుళ్లను సమీకరణాల్లో పట్టడం కష్టం, మైకుతో పట్టడం సులువు. తీగను లాగడం మాత్రం మైకుకి కష్టం, సమీకరణానికి సులువు. కాబట్టి కంప్యూటర్‌లో నమ్మదగిన వీణ రావాలంటే మీటును మైకుతోనూ, ఆ వెనక సాగే తీగను లెక్కతోనూ, కుండ అనునాదాన్ని వీటికి విడిగానూ పలికించాలి. శాంపిళ్ల సంఖ్య పెంచుకుంటూ పోవడం వల్ల అది రాదు.