స్కిజోఫ్రీనియా: నా రూమ్మేట్‌కి ఏమైందో నాకు ఆలస్యంగా అర్థమైంది

ఇవాళ స్కిజోఫ్రీనియా గురించి మాట్లాడుకుందాం. ఈ పేరు వినగానే చాలామందికి 'అపరిచితుడు' సినిమా గుర్తొస్తుంది. ఒకే మనిషిలో ముగ్గురు మనుషులు, కదా? కానీ అది మల్టిపుల్ పర్సనాలిటీ, పూర్తిగా వేరే సమస్య. ఈ తికమక పేరులోనే ఉంది. 1908లో స్విట్జర్లాండ్ డాక్టర్ యూజెన్ బ్లాయిలర్ గ్రీకు మాటలు కలిపి ఈ పేరు పెట్టారు. అర్థం 'చీలిన మనసు'. ఆయన చెప్పాలనుకున్నది ఆలోచనకి, భావానికి, ప్రవర్తనకి మధ్య పొందిక తప్పడం గురించి. ఇద్దరు మనుషుల గురించి కాదు.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నా హాస్టల్ రూమ్మేట్ మెల్లగా మాటలు తగ్గించేశాడు. క్లాసులు మానేశాడు, తర్వాత స్నానం కూడా. మేము "లవ్ ఫెయిల్యూర్ రా వీడికి" అని నవ్వుకున్నాం. కొన్నాళ్లకి ఫోన్ కెమెరాకి ప్లాస్టర్ అంటించాడు. ఒకరోజు రాత్రి రెండింటికి నన్ను లేపి, "పక్క రూమ్‌లో నా గురించే మాట్లాడుకుంటున్నారు, నీకు వినపడట్లేదా?" అన్నాడు. పక్క రూమ్‌కి తాళం వేసి ఉంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయత్తులు కట్టించారు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లేసరికి ఏడాది గడిచిపోయింది.

ఇప్పుడు చూస్తే లక్షణాలన్నీ మా కళ్ల ముందే ఉన్నాయి. డాక్టర్లు వీటిని మూడు రకాలుగా చూస్తారు. మొదటిది, లేనివి వచ్చి చేరడం. ఎవరూ లేకపోయినా గొంతులు వినపడటం, అంటే భ్రాంతి. ఎవరో నిఘా పెట్టారని గట్టిగా నమ్మడం, ఎంత చెప్పినా ఆ నమ్మకం కదలకపోవడం, అంటే భ్రమ. మాట ఒకచోట మొదలై ఎక్కడికో పోవడం కూడా ఇందులోదే. రెండోది, ఉన్నవి తగ్గిపోవడం: ఉత్సాహం, మాట, ముఖంలో భావం. దీన్నే మనం బద్ధకం అనుకుంటాం. మూడోది, ఏకాగ్రత, జ్ఞాపకం దెబ్బతినడం.

మరి ఎలా తేలుస్తారు? దీన్ని పట్టే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. డాక్టర్ మనిషితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చాలి. అమెరికా డాక్టర్ల డీఎస్ఎమ్-5 పద్ధతిలో అయితే భ్రమలు, భ్రాంతులు, పొంతనలేని మాట, పొంతనలేని ప్రవర్తన, ఆసక్తి తగ్గడం అనే ఐదింటిలో కనీసం రెండు, ఒక నెలపాటు ఎక్కువగా కనపడాలి. ఆ రెండింటిలో ఒకటి మొదటి మూడింటిలోది అయి ఉండాలి. మొత్తం ఇబ్బంది 6 నెలలు ఉండాలి. మరి టెస్టులు ఎందుకు రాస్తారంటే, థైరాయిడ్, మూర్ఛ, గంజాయి లాంటి వేరే కారణాలు ఉన్నాయేమో చూడటానికి.

ఇక మెదడు సంగతి. డోపమైన్ అనే రసాయనం 'ఇది ముఖ్యం, చూడు' అని మెదడుకి చెప్తుంది. మెదడులో ఒక భాగంలో అది ఎక్కువైతే మామూలు విషయాలు కూడా మనకోసమే జరిగినట్టు అనిపిస్తాయి. రోడ్డుమీద బైక్ హారన్ కూడా సిగ్నల్ లాగా! 1950ల్లో వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ నుంచి ఇప్పటి చాలా మందుల దాకా ఈ డోపమైన్ పనినే తగ్గిస్తాయి. గొంతులు తగ్గుతాయి. కానీ ఆసక్తి అంత తేలిగ్గా తిరిగిరాదు. అందుకే గ్లూటమేట్ లాంటి వేరే రసాయనాల మీదా పరిశోధన జరుగుతోంది.

జన్యువుల పాత్ర పెద్దదే, కానీ ఒక్క జన్యువు కాదు, వందల చోట్ల చిన్న చిన్న తేడాలు. ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వస్తే రెండోవాళ్లకి వచ్చే అవకాశం సగానికి మించదు. అంటే మిగతా కారణాలు కూడా కలవాలి: పుట్టినప్పటి ఇబ్బందులు, చిన్నతనంలో దెబ్బతినడం, టీనేజ్‌లో గంజాయి. ఎక్కువగా 20లకి అటూఇటూ వయసులోనే మొదలవుతుంది, అంటే మన వయసే. ఇందులో పెంపకం తప్పు గానీ, చేతబడి గానీ ఏమీ లేదు. "పెళ్లి చేస్తే కుదురుతుంది" అన్నది కూడా వైద్యం కాదు.

మీ ఫ్రెండ్ ఎవరైనా గొంతులు వినపడుతున్నాయి అంటే వాదించకండి, అవునని ఒప్పుకోనూ వద్దు. "నాకు వినపడట్లేదు, కానీ నీకు భయంగా ఉందని అర్థమవుతోంది, డాక్టర్ దగ్గరికి కలిసి వెళ్దాం" అనండి. టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడతారు. మొదలుపెట్టిన మందు డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు.

నా రూమ్మేట్ ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ వాళ్ల ఊళ్లో మొబైల్ షాపులో పనిచేస్తున్నాడు. మొన్న ఫోన్‌లో బాగానే నవ్వాడు. ఆ పోయిన ఏడాది మాత్రం తిరిగి రాలేదు. మీ రూమ్మేట్ విషయంలో మీరు ముందే గమనించండి. ఉంటాను.