మూడు రంగుల పిల్లికూన

ధాన్యం నిలువచేసే దేశాలన్నిటిలోను పిల్లి మనిషికి పాత చుట్టమే. గాదె ఉన్నచోట ఎలుక చేరుతుంది. ఎలుక చేరినచోటికి పిల్లి వస్తుంది. ఇండ్లలో పెరిగే పిల్లులలో తెలుపు, నలుపు, నారింజ రంగులు మచ్చలు మచ్చలుగా కలిసిన కూన అంటే పిల్లలకు మరీ ముచ్చట. అటువంటి కూనను పరీక్షించకుండానే అది ఆడది అని చెప్పవచ్చు. ఆ మాట తప్పడం చాల అరుదు. ఒంటిమీది రంగుకూ, ఆడమగ తేడాకూ ఈ సంబంధం ఎట్లా వచ్చింది? ఆ కూన ఇంటికి వస్తే దానిని ఎట్లా కాపాడుకోవాలి? రెండు ప్రశ్నలకూ సమాధానం దాని శరీర ధర్మాలలోనే ఉన్నది.

రంగుల లెక్క

పిల్లి జీవకణాలలో 19 జతల క్రోమోసోములు ఉంటాయి. వాటిలో ఒక జత ఆడమగ తేడాను నిర్ణయిస్తుంది. ఆడపిల్లికి రెండు ఎక్స్ క్రోమోసోములు. గండుపిల్లికి ఒక ఎక్స్, ఒక వై. నారింజ రంగుకు కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోసోముమీద ఉన్నది. గండుపిల్లికి ఎక్స్ ఒక్కటే కనుక అది నారింజ రంగుదైనా కావాలి, కాకపోతే నలుపు జాతి రంగుదైనా కావాలి. ఆడపిల్లికి మాత్రం తల్లినుండి ఒక రకం, తండ్రినుండి మరొక రకం ఎక్స్ సంక్రమించవచ్చు.

అట్లా సంక్రమించినప్పుడు రెండు రంగులూ కలిసిపోక, వేరువేరు మచ్చలుగా ఎందుకు ఏర్పడతాయి? 1949లో కెనడా శాస్త్రజ్ఞుడు ముర్రే బార్, అతని శిష్యుడు బెర్ట్రమ్ పిల్లుల నరాల కణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తూ, ఆడపిల్లుల కణాలలో మాత్రమే కనిపించే ఒక చిన్న ముద్దను గుర్తించారు. అది ముడుచుకొనిపోయిన ఎక్స్ క్రోమోసోమని తరువాత తేలింది. 1961లో ఇంగ్లండుకు చెందిన మేరీ లయన్ దీని అంతరార్థాన్ని విప్పి చెప్పింది. ఆడజీవి ఇంకా చిన్న పిండంగా ఉన్నప్పుడే ప్రతి కణంలోను రెండు ఎక్స్‌లలో ఒకటి పని మానుకుంటుంది. ఏది మానుకోవాలన్నది యాదృచ్ఛికం. కాని ఒకసారి నిర్ణయమయినాక, ఆ కణంనుండి పుట్టే కణాలన్నీ అదే నిర్ణయాన్ని పాటిస్తాయి. నారింజ జన్యువు పనిచేసే కణాల సంతతి ఉన్నచోట నారింజ మచ్చ, అది పనిచేయనిచోట నల్ల మచ్చ ఏర్పడతాయి. ఇక తెలుపు ఒక రంగు కాదు, రంగు లేకపోవడం. పిండదశలో వెన్నుప్రక్కనుండి చర్మానికి వలసపోయే రంగుకణాలు చేరనిచోట వెంట్రుకలు తెల్లగా మిగులుతాయి. దీనిని శాసించే జన్యువు వేరొక క్రోమోసోముమీద ఉన్నది.

నారింజ జన్యువు ఏదన్నది చాలకాలం తెలియలేదు. 2025లో జపానుకు, అమెరికాకు చెందిన రెండు పరిశోధక బృందాలు దాని ఆచూకీ ప్రకటించాయి. ఎక్స్ క్రోమోసోములో ఒకచోట సుమారు 5,000 డి.ఎన్.ఎ. అక్షరాలు లోపించడమే ఈ రంగుకు మూలమని తేలింది.

మూడు రంగుల గండుపిల్లులు లేకపోలేదు. వాటిలో ఎక్కువభాగం పొరపాటున ఒక ఎక్స్ అధికంగా సంక్రమించినవి; ఇవి సాధారణంగా సంతానం కనలేవు. జపాను నావికులు వీటిని శుభచిహ్నాలుగా ఎంచేవారు. 1956లో అంటార్కిటికాకు బయలుదేరిన జపాను యాత్రికులు టకేషి అనే మూడు రంగుల గండుపిల్లిని వెంట తీసుకొనిపోయారు.

2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాసులో, మూడు రంగుల పిల్లి కణంనుండి దాని ప్రతిరూపాన్ని పుట్టించారు. జన్యువులన్నీ అవే అయినా, ఆ కూనకు నారింజ మచ్చ ఒక్కటీ రాలేదు! కణాన్ని ఇచ్చిన తావులో నారింజ ఎక్స్ అదివరకే నిద్రపోయి ఉన్నది.

తరగతిలో దీనిని సులభంగా చూపవచ్చు. ప్రతి విద్యార్థీ కాగితంమీద 16 గళ్ళు గీసి, ఒక్కొక్క గడికి నాణెం ఎగురవేయాలి. బొమ్మ పడితే నలుపు, బొరుసు పడితే నారింజ. 16 గళ్ళకు 65,536 అమరికలు సాధ్యం కనుక ఇద్దరి కాగితాలు ఒకేరీతిగా రావడం చాల అరుదు.

కొత్త ఇంటిలో మొదటి రోజులు

కూనను ఎనిమిది వారాలు నిండకముందే తల్లినుండి వేరుచేయరాదు. రెండవ వారంనుండి ఏడవ వారంవరకు మనుష్యుల చేతి స్పర్శ మెత్తగా అలవాటయిన కూనలే తరువాత మచ్చికగా ఉంటాయి. కొత్త ఇంటికి రాగానే అది మంచం క్రింద దూరితే బయటికి లాగరాదు. పిల్లి వాసనలనుబట్టి చోటును గుర్తిస్తుంది. వాసన తెలియని చోటు దానికి శత్రువు చోటే. మొదట ఒక చిన్న గది, దాగడానికి ఒక అట్టపెట్టె, నీళ్ళు, వాటికి దూరంగా ఇసుక పోసిన వెడల్పాటి పళ్ళెం అమర్చితే చాలు. రెండుమూడు రోజులలో అదే బయటికి వస్తుంది.

పాలన్నం చాలదు

పిల్లి అంటే పాలు అన్నది సామెతల మాట. తల్లిపాలు మానిన పిల్లిలో పాలచక్కెరను జీర్ణంచేసే ఎంజైము తగ్గిపోతుంది. అందువలన ఆవుపాలు త్రాగితే విరేచనాలు కలుగవచ్చు. పాలన్నం, పెరుగన్నంతోనే పెంచడం అంతకంటె ప్రమాదం. టారిన్ అనే పదార్థాన్ని మనిషి, కుక్క తమ శరీరంలో తయారుచేసుకోగలరు. పిల్లి తగినంత తయారుచేసుకోలేదు, మాంసంనుండి పొందవలసిందే. అది లోపిస్తే కంటిలోని రెటీనా చెడుతుందని 1975లోను, గుండె కండరం బలహీనమవుతుందని 1987లోను రుజువయింది. కాబట్టి ఎముకలు తీసి ఉడికించిన చేప, కోడిమాంసం పెట్టాలి. మాంసం వండని ఇండ్లవారు టారిన్ చేర్చిన తయారీ ఆహారాన్ని వాడవచ్చు.

మనకు మందు, పిల్లికి విషం

కూన ఒళ్ళు వెచ్చగా ఉన్నదని జాలితో ఇచ్చే పారాసిటమాల్ మాత్ర దాని ప్రాణం తీస్తుంది. ఆ మందును నిర్వీర్యంచేసి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి అతిస్వల్పం. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. ఒక్క మాత్ర చాలు. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు, ఉల్లి, వెల్లుల్లి కూడ పిల్లికి హానికరమైనవే. జబ్బు కనబడితే పశువైద్యునికి చూపడమొక్కటే మార్గం.

ఆరు, ఎనిమిది వారాల వయస్సునుండి అంటువ్యాధుల టీకాలు, మూడు నెలలకు రేబీస్ టీకా వేయించాలి. పిల్లి కరచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసంభవం. పళ్ళెంలోని మలాన్ని ప్రతిదినం తీసివేయాలి. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి అంటించే శక్తి పొందడానికి ఒక రోజైనా పడుతుంది. గర్భవతులు ఈ పని చేయరాదు.

పిల్లి చిన్న మనిషి కాదు, చిన్న కుక్కా కాదు. దాని ఆకలికీ, భయానికీ, జబ్బుకూ దాని శరీర ధర్మమే ప్రమాణం. ఆ ధర్మం తెలిసిన ఇంటిలోనే కూన పెరిగి పెద్దదవుతుంది.