సున్నపు స్తంభం మీద బల్లి

తమలపాకుకి సున్నం రాస్తుంటే మా మనవరాలు పక్కన చేరి, "తాతయ్యా, ఇంత మెత్తటి సున్నం రాయిలోంచి వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందమ్మా. గాలికి వదిలేస్తే మళ్ళీ రాయైపోతుంది కూడా. ఈ ఒక్క గుణాన్ని నమ్ముకుని బతుకంతా పనిచేసిన మహానుభావుడొకాయన ఉన్నాడు. ఆయన కబుర్లు చెబుతాను, వినండి.

ఇటలీకి దక్షిణాన సిసిలీ దీవి. అందులో పలెర్మో నగరం. జాకొమో సెర్పోట్టా అక్కడ 1656లో పుట్టాడు. తండ్రిది పాలరాయి చెక్కే పని. ఆయనకి తెడ్ల ఓడల్లో చాకిరీ చేసే శిక్ష పడింది. పిల్లవాడి చిన్నతనంలోనే పోయాడు. కొడుకు మాత్రం ఉలి వదిలి తాపీ పట్టాడు, గార పనిలో దిగాడు.

గార పనిలో రహస్యమంతా సున్నంలోనే ఉంది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు వేస్తే చివరికి మిగిలేది 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు గాలిగా, అదే కార్బన్ డయాక్సైడ్‌గా, ఎగిరిపోతాయి. ఆ కాలిన సున్నం మీద నీళ్ళు పోస్తే పొయ్యి లేకుండానే సలసల మరుగుతాయి. చల్లారాక గుంటలో నెలల తరబడి నాననిస్తే వెన్నలా తయారవుతుంది. దాన్ని గోడకి పూస్తే తడి ఆరి గట్టిపడుతుందనుకుంటాం. అది సగం మాటే. బట్టీలో పోగొట్టుకున్న ఆ గాలినే మన చుట్టూ ఉన్న గాల్లోంచి మెల్లమెల్లగా తిరిగి తీసుకుంటుంది, మళ్ళీ రాయవుతుంది. పైపొర ముందు మారుతుంది. లోపలి పొరలకి ఏళ్ళు పట్టవచ్చు.

సెర్పోట్టా ముందు కర్ర, ఇనప తీగ, గుడ్డ పేలికలతో బొమ్మకి ఎముకల గూడు కట్టేవాడు. దానిమీద ఇసక కలిపిన ముతక గార మెత్తి ఒళ్ళు తెచ్చేవాడు. పాలరాయిలో ముక్కు విరిగితే విరిగినట్టే. గారలో ఇంకాస్త పెట్టవచ్చు, గీకవచ్చు, కానీ అది బిగిసేలోపు. అందుకే ఆ బొమ్మల్లో చెయ్యి వేగం కనిపిస్తుంది.

ఆయన గొప్పంతా చివరి పూతలో ఉంది. మెత్తటి సున్నంలో పాలరాతి పొడి కలిపి, పలచగా పూసి, మెరుగు పెట్టేవాడు. ఈ మెరుగు పనిని ఇటలీవాళ్ళు అల్లుస్ట్రతూరా అంటారు. గమనించారా? పాలరాయీ కాల్షియం కార్బొనేటే, గాలి పీల్చుకుని గట్టిపడ్డ సున్నమూ కాల్షియం కార్బొనేటే. రెండూ ఏకమై వెలుగుని వెనక్కి కొడతాయి. రంగు లేదు, ఉన్నదల్లా తెలుపే. దాన్ని పేదవాడి పాలరాయి అని తీసిపారేస్తే నేనొప్పుకోను.

పలెర్మోలో సాంతా చీతా ప్రార్థనామందిరంలో 1685లో పని మొదలుపెట్టాడు. వాకిలి ఉన్న గోడంతా ఒక పెద్ద దుప్పటి వేలాడుతున్నట్టుంటుంది. మడతలు జారుతుంటాయి, బుజ్జి పిల్లలు దాన్ని ఎత్తి పట్టుకుంటారు. మధ్యలో 1571లో జరిగిన లెపాంటో సముద్ర యుద్ధం, ఓడలతో సహా. గుడ్డా సున్నమే, పిల్లలూ సున్నమే, ఓడలూ సున్నమే.

మన మేస్త్రీలకి తెలియని విద్య కాదిది. చార్మినార్ మీది పూలూ లతలూ గచ్చుపనే. దాన్ని కట్టింది 1591లో, సెర్పోట్టా పుట్టడానికి 65 ఏళ్ళ ముందు.

ఆయన 1732లో పలెర్మోలోనే కన్నుమూశాడు. సిసిలీ మాటలో బల్లి పేరు ఆయన ఇంటిపేరుకి దగ్గరగా ఉంటుంది. అందుకని సంతకానికి బదులు బల్లిని చేసి పెట్టాడు. మీలో ఎవరైనా ఎప్పుడైనా పలెర్మో వెళితే, సాన్ దొమెనికో పక్కనున్న రోజారియో ప్రార్థనామందిరంలోకి వెళ్ళండి. ధైర్యానికి గుర్తుగా నిలబెట్టిన స్త్రీమూర్తి దగ్గర ఒక స్తంభం ఉంటుంది. బల్లి దానిమీదే ఉంది, చూడండి.